బోర్డు మీద ఏం రాయిద్దాం?

శ్రావణ ముహూర్తాలతో పాటే ఊరూరా కొత్త ఫొటో స్టూడియోలు తెరుచుకుంటాయి. కెమెరా కోసం నెలల తరబడి వాకబు చేసే కుర్రాళ్లు పేరును మాత్రం ఫ్లెక్సీ షాపులో కూర్చుని అప్పటికప్పుడు తేల్చేస్తున్నారు. ఆ తొందర ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఆషాఢం ఆఖరి వారం. గుంటూరు అరండల్‌పేటలో ఒక ఫ్లెక్సీ షాపు. లోపల మిషన్ రొద, ఇంకు వాసన. కంప్యూటర్ ముందు డిజైనర్. అతని పక్కన ప్లాస్టిక్ కుర్చీలో పాతికేళ్ల కుర్రాడు, ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డ వాళ్లమ్మ. శ్రావణంలో తొలి శుక్రవారం షాపు తెరవాలి. కెమెరా వచ్చింది, లెన్సులు వచ్చాయి, అద్దెకు గది దొరికింది. ఇక బోర్డే మిగిలింది.

"పేరు చెప్పు తమ్ముడూ."

"శ్రీ సాయి డిజిటల్స్."

డిజైనర్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. "మొన్ననే ఒక శ్రీ సాయి డిజిటల్స్‌కి బోర్డు కొట్టిచ్చా. కొత్తపేటలో."

"అయితే ఓం సాయి అని పెట్టన్నా."

"అదీ ఉంది. బ్రాడీపేటలో."

తల్లి కల్పించుకుంది. "నీ పేరే పెట్టుకోరా. నిన్ను చూసే కదా అందరూ పిలిచేది."

"నా పేరు పెడితే ఎవరొస్తారమ్మా? కాస్త స్టైల్‌గా ఉండాలి."

అతను ఫోన్ తీశాడు. హైదరాబాద్‌లో పెద్ద పెళ్లిళ్లు తీసే ఒక కంపెనీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచాడు. ఆ పేరుకు చాలా దగ్గరగా ఉండే మూడు ఇంగ్లిష్ ముక్కలు చెప్పాడు. డిజైనర్ టైపు చేశాడు. తల్లి రెండుసార్లు పలకబోయి, నోరు తిరగక ఊరుకుంది. బోర్డు ప్రింటుకు వెళ్లిపోయింది.

ఇలాంటి సంభాషణ మన ఊళ్లలో ఏ ఫ్లెక్సీ షాపులోనైనా వినిపిస్తుంది. ఆ తల్లి పలకలేకపోయిన పేరునే రేపు ఇంకో తల్లి తన చెల్లెలికి ఫోన్లో చెప్పాలి. ఈ వ్యాపారానికి ఆర్డర్లు వచ్చేది ఆ ఫోన్లలోనే.

నోటి మాట మీదే బతుకు

పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి పని ఎలా దొరుకుతుందో ఒక్కసారి గమనించండి. కల్యాణమండపంలో భోజనాల బంతిలో పక్కన కూర్చున్నావిడ అడుగుతుంది: "ఫొటోలు ఎవరు తీస్తున్నారొదినా? మా అమ్మాయికి మార్గశిరంలో పెట్టుకున్నాం." అవతల బ్యాండు మేళం, ఇవతల పిల్లల కేకలు. ఆ గోలలో పేరు ఒక్కసారే చెబుతారు. విన్నావిడ ఇంటికెళ్లి భర్తకు చెబుతుంది, ఆయన కొడుక్కి చెబుతాడు, కొడుకు ఫోన్లో వెతుకుతాడు. ఇన్ని చెవులు దాటి చేరేసరికి పేరు పేరుగా మిగలాలి.

మిగలనప్పుడు జనం తమకు తోచిన పేరు పెట్టేసుకుంటారు. మీ ఇంట్లో ఎవరి ఫోన్ అయినా తీసి చూడండి. 'ఫొటో శీను', 'స్టూడియో బాబాయ్', 'ఆల్బమ్ అబ్బాయి' అని సేవ్ చేసి ఉంటుంది. బోర్డు మీద ఎంత గొప్ప పేరున్నా ఫోన్‌బుక్కులోకి ఎక్కింది మనిషి పేరు, పని పేరు. షాపుకు పేరు వెతికేవాళ్లకు ఇంతకంటే నమ్మకమైన సూచన దొరకదు.

ఇక స్పెల్లింగ్ గొడవ. పలకడానికి తేలిగ్గానే ఉన్నా, రాతలో మెలికలు పెట్టిన పేర్లు కోకొల్లలు. 'సి' ఉండాల్సిన చోట 'కె', 'సీఎస్' బదులు 'ఎక్స్', ఏదో అక్షరం రెండుసార్లు. సగం స్టైల్ కోసం, సగం న్యూమరాలజీ కోసం. సంఖ్యాశాస్త్రం మీద నమ్మకం ఎవరిష్టం వారిది, దాని జోలికి నేను పోను. కానీ ఆ అదనపు అక్షరం కస్టమర్‌కి తెలియదు. అతను విన్నట్టే టైపు చేస్తాడు. అప్పుడు తెర మీద కనిపించేది మామూలు స్పెల్లింగ్ రాసుకున్న మరో ఊరి స్టూడియో.

అందుకే పేరు అనుకున్నాక చేయాల్సిన మొదటి పని, కంప్యూటర్ కూడా రాని పెద్దమ్మకో అత్తయ్యకో ఫోన్ చేసి ఆ పేరు ఒక్కసారి చెప్పడం. మర్నాడు మళ్లీ అడగండి. ఆవిడ తడుముకోకుండా చెబితే ఆ పేరుకు ప్రాణం ఉన్నట్టే. తర్వాత కాలేజీ చదివే తమ్ముడికో చెల్లికో నోటితో చెప్పి, ఇంగ్లిష్‌లో రాయమనండి. మీరు అనుకున్నట్టే రాశారంటే సగం పని అయిపోయింది.

సొంత పేరుతో సికింద్రాబాద్‌లో

తెలుగు నేల మీద ఫొటో వ్యాపారానికి పేరు తెచ్చినవాళ్లలో మొదట తలచుకోవాల్సింది రాజా దీన్ దయాళ్‌ని. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, కెమెరా పట్టిన మనిషి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, అక్కడ ఫొటోలు తీసే బాధ్యత ఒక మహిళకే అప్పగించారు. ఇంత చేసిన సంస్థకు ఆయన పెట్టుకున్న పేరులో అలంకారం ఏమీ లేదు. 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్'. తన పేరు, వెనక కొడుకులు. 1905లో ఆయన పోయాక కూడా ఆ ప్లేట్ల మీద, ఆల్బమ్‌ల మీద ఉన్న సంతకంతోనే ప్రపంచం ఆయన్ను గుర్తుపడుతోంది.

పేరులో ఉన్న మనిషి వెళ్లిపోతే పేరేమవుతుందని భయపడేవాళ్లకు కలకత్తా 'బోర్న్ అండ్ షెపర్డ్' స్టూడియో సంగతి చెప్పాలి. శామ్యూల్ బోర్న్ 1870లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోయారు. యజమానులు మారారు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1991లో అగ్నిప్రమాదం జరిగింది. పేరు మాత్రం 2016లో తలుపులు మూసేదాకా అదే.

మన పట్టణాల్లో తర్వాతి తరం స్టూడియోలకు ఇష్టదైవం పేర్లు వచ్చాయి. లక్ష్మీ, శ్రీనివాస, దుర్గా, సాయి. కూతురు పుట్టిన ఏడాది షాపు పెట్టినవాళ్లు కూతురి పేరే పెట్టారు. 'ఛాయ', 'చిత్ర', 'రూప' లాంటి చిన్న పేర్లూ వచ్చాయి. నా దృష్టిలో మనవాళ్లు పెట్టుకున్న చక్కని స్టూడియో పేర్లు అవే. రెండక్షరాలు, నోటికి హాయి, చేసే పనికి దగ్గర.

ఆ రోజుల్లో పేరు బోర్డుతో ఆగేది కాదు. నలుపు తెలుపు ఫొటో వెనక్కి తిప్పితే ఊదా రంగు రబ్బరు స్టాంపు ఉండేది. స్టూడియో పేరు, ఊరు, పక్కన పెన్నుతో రాసిన నెగటివ్ నంబరు. ఇంట్లో పెద్దాయన హఠాత్తుగా పోతే, పదో రోజుకి గోడకు పటం కట్టించాలంటే, పెట్టెలోంచి పాత ఫొటో తీసి వెనక్కి తిప్పి ఆ స్టాంపు చూసేవాళ్లు. ఎవరో ఒకరు బస్సెక్కి వెళ్లేవారు. షాపాయన ఆ నంబరు కవరు వెతికి, నెగటివ్ తీసి, పెద్దది చేసిచ్చేవాడు. చనిపోయిన మనిషి ముఖం దగ్గరికి ఆ కుటుంబాన్ని చేర్చింది ఆ పేరు. ఇవాళ హార్డ్ డిస్కులో దాచిన పెళ్లి ఫొటోల కోసం పదేళ్ల తర్వాత ఒక కూతురు వెతుక్కుంటూ వస్తే, ఆ పేజీ అదే పేరుతో ఉంటుందా? బోర్డు రాయించేవాడు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదని నా నమ్మకం.

రంగు బోర్డుల పాఠం

ఎనభైలు, తొంభైలలో కలర్ ల్యాబ్‌లు వచ్చాయి. వాటితో పాటే ఫిల్మ్ కంపెనీల బోర్డులూ వచ్చాయి. పసుపు అంటే కొడాక్, ఆకుపచ్చ అంటే ఫ్యూజీ, నీలం అంటే కోనికా. బోర్డులో ముప్పాతిక భాగం కంపెనీ పేరు, కింద మూల చిన్నక్షరాలతో షాపు పేరు. జనం కూడా "కోనికా ల్యాబ్ పక్క సందు" అనే గుర్తులు చెప్పుకొన్నారు. షాపు యజమాని పేరు ఎవరి నోటా లేదు.

కోనికా మినోల్టా ఫొటో వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2006 జనవరిలో ప్రకటించింది. కొడాక్ 2012 జనవరిలో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. అరువు పేరు మీద ఇరవై ఏళ్లు కష్టపడినవాళ్లు ఆ పేరు పోయాక మళ్లీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాల్సి వచ్చింది. ఆ బోర్డులు కొన్ని ఇప్పటికీ మన పాత బజార్లలో వెలిసిపోయి కనిపిస్తాయి.

యంత్రం పేరు తగిలించుకున్నా అదే తంతు. ఒకప్పుడు 'కలర్' అనేది వింత, తర్వాత 'వీడియో', ఆ తర్వాత 'డిజిటల్'. ఇప్పుడు చేతిలో ఫోన్ కూడా డిజిటలే కాబట్టి ఆ మాట బోర్డు మీద ఏమీ చెప్పదు. 'డ్రోన్', 'ఫోర్ కె' అని ఇవాళ రాయిస్తున్న పేర్లకూ రేపు ఇదే గతి. టెక్నిక్ గురించి చెప్పుకోవాలంటే విజిటింగ్ కార్డు వెనక చోటుంది.

‖ బాక్స్ ‖ కెమెరాల పేర్లు ఎలా పుట్టాయి?

కొడాక్ అనే మాటకు అర్థం లేదు. ఆ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మన్‌కి 'కె' అక్షరం ఇష్టం. పొట్టిగా ఉండాలి, ఎవరూ తప్పుగా పలకకూడదు, దేనితోనూ పోలిక ఉండకూడదు అనుకుని అక్షరాలు కూర్చి తయారు చేసి, 1888లో రిజిస్టర్ చేయించారు.

కానన్ కథ మనకు ఇంకా దగ్గరిది. జపాన్‌లో 1934లో తయారైన నమూనా కెమెరా పేరు 'క్వానన్'. మన బౌద్ధంలోని అవలోకితేశ్వరుడికి జపనీయులు పెట్టుకున్న పేరు అది. లెన్సుకు బుద్ధుడి శిష్యుడి పేరు మీద 'కశ్యప' అని పెట్టారు. మరుసటి ఏడాది అన్ని దేశాలకూ నప్పేలా 'కానన్'గా మార్చి రిజిస్టర్ చేశారు.

అందరిదీ ఒకే పేరైతే

ఇప్పుడు షాపు లేకుండానే ఫొటోగ్రాఫర్ కావచ్చు. ఒక కెమెరా, ఒక బైకు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ చాలు. వందలమంది చదువుకున్న పిల్లలు ఈ రంగంలోకి రావడం మంచిదే. అయితే పేర్లు మాత్రం గుప్పెడు మాటల్లోంచే తీస్తున్నారు. ఫ్రేమ్స్, క్లిక్స్, పిక్సెల్స్, స్టోరీస్, మూమెంట్స్. వాటి ముందు ఒక విశేషణం, వెనక 'ఫొటోగ్రఫీ'. ఇది బద్ధకం వల్ల వచ్చింది కాదు. చిన్న ఊరి వాడినని తెలిస్తే పెద్ద ఆర్డరు ఇవ్వరేమోనన్న భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దాని మందు పెద్ద కంపెనీ పేరును అనుకరించడం కాదు.

అనుకరిస్తే ఏమవుతుంది? పెళ్లికూతురు మురిసిపోయి ఫొటో పెట్టి మిమ్మల్ని ట్యాగ్ చేయబోతే అది అదే పేరున్న ఇంకో పేజీకి పోతుంది. ఎవరో అడ్వాన్స్ తీసుకుని ఆల్బమ్ ఇవ్వకపోతే ఆ తిట్లు మీ పేజీ కింద పడతాయి. దానికి తోడు, డబ్బు పంపడానికి మీ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే బోర్డు మీది పేరు కాకుండా మీ నాన్నగారి పేరు వస్తుంది. అప్పటికే అయోమయంలో ఉన్న కస్టమర్ యాభై వేలు పంపడానికి జంకుతాడు. ఈ చివరి చిక్కుకు పరిష్కారం ఉంది. చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో షాపు పేరుతో ఉచితంగా నమోదు చేసుకుని, ఆ పత్రాన్ని మిగతా లైసెన్సులతో కలిపి చూపించి, బ్యాంకులో ఆ పేరు మీదే కరెంట్ ఖాతా తెరవాలి.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరుకు 'బెస్ట్ ఫొటోగ్రాఫర్ ఇన్ విజయవాడ' అని తోక తగిలించేవాళ్లూ ఉన్నారు. బోర్డు మీద ఉన్న అసలు పేరే అక్కడా ఉండాలన్నది గూగుల్ నియమం. మాటలు జోడిస్తే ఆ లిస్టింగ్‌నే ఆపేసే ప్రమాదముంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన రివ్యూలు కనపడకుండా పోతాయి.

ఆమె పేరు ఆమెదే

ఓణీల ఫంక్షన్లకు, సీమంతాలకు, పసిపిల్లల ఫొటోలకు మహిళా ఫొటోగ్రాఫర్ కావాలని అడిగే కుటుంబాలు ఎక్కువవుతున్నాయి. ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిల్లో కొందరు మాత్రం తమ పేరు బయట పెట్టడానికి వెనకాడుతున్నారు. భర్త పేరో, ఏదో ఇంగ్లిష్ మాటో ముందు పెట్టి తాము వెనక నిలబడుతున్నారు.

దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరొందిన హోమాయ్ వ్యారావాలా తొలినాళ్ల ఫొటోలు ఆమె భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. తర్వాత ఆమె 'డాల్డా 13' అనే మారుపేరు ఎంచుకున్నారు. పుట్టింది 1913లో, భర్తను కలిసింది పదమూడో ఏట, తొలి కారు నంబరు డీఎల్‌డీ 13. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఢిల్లీని కళ్లకు కట్టిన ఆ ఫొటోలకు, ఆమె అసలు పేరుతో గుర్తింపు వచ్చింది చాలా ఆలస్యంగా. పద్మవిభూషణ్ 2011లో, తొంభై ఏడేళ్ల వయసులో. ఇవాళ కెమెరా పట్టిన ఏ అమ్మాయీ అంతకాలం ఆగనక్కర్లేదు. తన పేరు, దాని పక్కన ఊరి పేరు రాయించుకుంటే, ఆడమనిషి కావాలని వెతికే తల్లికి ఆ బోర్డే సమాధానం చెబుతుంది.

చట్టం కళ్లతో చూస్తే

పేరు దొరికింది, పెద్దమ్మ పలికింది. ఇక అది మనదని నిలబెట్టుకోవడం ఎలా? ట్రేడ్‌మార్క్ చట్టం (1999) కింద సేవల పేర్లు కూడా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఫొటోగ్రఫీ 41వ తరగతిలోకి వస్తుంది. మన రెండు రాష్ట్రాలూ చెన్నై రిజిస్ట్రీ పరిధిలోనివే అయినా, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. కేవలం పనిని వర్ణించే పేర్లకు, ఊరి పేరు మాత్రమే ఉన్నవాటికి రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. 'పెళ్లి ఫొటోలు' అన్న మాట నా ఒక్కడిదే అంటే ఎవరూ ఒప్పుకోరు కదా. మతగ్రంథాల పేర్ల విషయంలోనూ అంతే. అగరుబత్తీలకు 'రామాయణ్' అన్న పేరు ఒక్కరి సొత్తు కాజాలదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. దేవుడి పేరు పెట్టుకోవద్దని దీని అర్థం కాదు. భక్తితో పెట్టుకుంటే పక్కన ఇంటిపేరో, మీకే చెందిన ఇంకో మాటో చేర్చండి. అప్పుడు వందలాది సాయి స్టూడియోల్లో మీది విడిగా కనిపిస్తుంది.

రిజిస్టర్ కాకపోయినా ముందు నుంచి వాడుతున్నవాడికి చట్టంలో రక్షణ ఉంది. దాన్ని నిరూపించుకోవడానికి ఆధారాలు కావాలి. మొదటి బిల్లు పుస్తకం, మొదటి విజిటింగ్ కార్డు, ప్రారంభం రోజు బోర్డు ముందు దిగిన ఫొటో దాచుకోండి. ఊరందరి ఫొటోలూ భద్రంగా దాచే మనవాళ్లు తమ షాపు ప్రారంభం ఫొటో పోగొట్టుకోవడం చాలాచోట్ల చూశాను.

‖ బాక్స్ ‖ బోర్డుకు ముందు

వ్యక్తులకు, చిన్న సంస్థలకు ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి రూ.4,500. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. దరఖాస్తు పెట్టగానే పేరు పక్కన 'టీఎం' వేసుకోవచ్చు. సున్నాలో 'ఆర్' గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే. ముందే వేసుకోవడం చట్టవిరుద్ధం.

ఇద్దరు ముగ్గురు కలిసి భాగస్వామ్య సంస్థగా రిజిస్టర్ చేస్తుంటే పేరులో రాయల్, కింగ్, క్వీన్, క్రౌన్, ఎంపైర్, ఇంపీరియల్ లాంటి మాటలు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేకుండా కుదరవు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 58వ సెక్షన్ ఇప్పటికీ అలాగే ఉంది.

మహాత్మా గాంధీ పేరు, బొమ్మ వ్యాపారానికి వాడటాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం నిషేధిస్తోంది.

షాపులు, సంస్థల నిబంధనల ప్రకారం బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలి. వేరే భాషలు దాని కింద.

ఇద్దరు స్నేహితులు, ఒక పేరు

ఫొటో ఒకరు, వీడియో ఒకరు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి షాపు. మన ఊళ్లలో ఇది చాలా మామూలు. అయిదేళ్ల తర్వాత ఒకరు దుబాయ్ వెళ్తారు, లేదా పెళ్లయ్యాక అత్తగారి ఊళ్లో విడిగా పెట్టుకుంటారు. అప్పుడు పేరెవరిది? పేజీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? వేలమంది ఫాలోవర్లు ఎవరి వెంట వెళ్తారు? కెమెరాలు, లైట్లు సజావుగా పంచుకున్న స్నేహితులు కూడా పేరు దగ్గర మాటలు మానేసిన సందర్భాలున్నాయి. ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం చాలు: విడిపోతే పేరు, పేజీ ఫలానావారికి, బదులుగా రెండోవారికి ఇంత. స్నేహం బాగున్న రోజునే ఆ వాక్యం రాసుకోవడం తేలిక.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో వారాంతాల్లో తెలుగువాళ్ల ఓణీల ఫంక్షన్లు తీసే మనవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆ పేరు అక్కడి ఫంక్షన్ హాలు మేనేజరూ పలకాలి, విజయవాడ నుంచి వీడియో కాల్లో చూసే అమ్మమ్మా పలకాలి. 'మాయ', 'తార', 'రూప' లాంటి పేర్లు రెండు నోళ్లకూ లొంగుతాయి. టెక్సస్‌లో సొంత పేరు కాకుండా వేరే పేరుతో వ్యాపారం చేయాలంటే కౌంటీ కార్యాలయంలో ఆ పేరును నమోదు చేయించాలి. వారాంతపు పనే కదా అని దాన్ని వదిలేయకూడదు.

ఇప్పటికే పది, పదిహేనేళ్లుగా ఒక మామూలు పేరుతో షాపు నడుపుతున్నవాళ్లు ఇదంతా చదివి కంగారు పడొద్దు. ఊళ్లో జనానికి అలవాటైన పేరును మార్చకండి. పక్కన ఇంటిపేరో ఊరి పేరో చేర్చి, బోర్డు మీద, బిల్లు మీద, పేజీ మీద, బ్యాంకు ఖాతాలో ఒకేలా రాయించండి. కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు మాత్రం ఫ్లెక్సీ షాపుకు వెళ్లే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. వెతకడానికి ఫీజు లేదు.